పాత ఫ్లాట్‌కు ఎంత అడగాలి?

ప్రశ్న: కూకట్‌పల్లిలో పదేళ్ల పాత ఫ్లాట్‌కు ఓనర్ 70 లక్షలు చెబుతున్నారు. ఎంత నుంచి బేరం మొదలుపెట్టాలి?

ముందు ఆ 70 లక్షల్ని మర్చిపోండి. అదే అపార్ట్‌మెంట్‌లో, పక్క వీధిలో ఈ మధ్య అమ్ముడైన ఫ్లాట్లు ఎంతకు తెగాయో కనుక్కోండి. వెబ్‌సైట్లలో కనిపించేవి ఓనర్లు చెప్పే రేట్లే. అసోసియేషన్ వాళ్లనీ, ఇద్దరు ఏజెంట్లనీ విడివిడిగా అడిగితే అసలు రేటు తేలుతుంది.

పాత ఫ్లాట్‌లో నేను మొదట చూసేది అన్‌డివైడెడ్ షేర్, అంటే అపార్ట్‌మెంట్ స్థలంలో ఆ ఫ్లాట్‌కు వచ్చే వాటా. బిల్డింగ్ ఏటా పాతబడుతుంది, విలువ నిలిచేది స్థలానికే. సేల్ డీడ్‌లో మీ వాటా ఎన్ని గజాలో చూడండి. 25 గజాలకూ 45 గజాలకూ ఒకే రేటు కట్టడం అన్యాయం.

తర్వాత మీ జేబు. 64 లక్షలకు కుదిరిందనుకుందాం. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అంటే 4.8 లక్షలు. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉండే లోన్‌కు బ్యాంకు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వదు, అందులో రిజిస్ట్రేషన్ ఖర్చు కలవదు. చేతిలో కనీసం 17.6 లక్షలు ఉండాలి.

చుట్టుపక్కల 65కి తెగుతుంటే 60 నుంచి మొదలుపెట్టండి. బాత్రూమ్ లీకేజీ, కార్ పార్కింగ్ లేకపోవడం లాంటి కారణాలు చూపించి అడగండి, ఓనర్ నొచ్చుకోరు. మీ ఆఖరి మాట ఎంతో ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించకుండా టోకెన్ అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.