దేవునిలోనే నిజమైన తృప్తి ఉందంటే, కోరికలన్నీ పాపమని క్రైస్తవం చెబుతోందా?

లేదు; కోరిక కలగడం పాపం కాదు, దేవుడు మాత్రమే ఇవ్వగల తృప్తిని ఆయన సృష్టించిన వాటి నుండి ఆశించడమే పొరపాటని క్రైస్తవ బోధ చెబుతుంది. మనిషి దేవునితో సహవాసం కోసమే సృష్టించబడ్డాడన్న విశ్వాసం దీనికి మూలం. ధనం, పేరు, సుఖం ఏదో ఒకనాడు పోయేవే. హృదయం వెతుకుతున్నది తరగనిదానిని కాబట్టి ఒక కోరిక తీరగానే మరొకటి పుడుతుంది.

తొలి శతాబ్దాల క్రైస్తవ వేదాంతి అగస్టీన్ జీవితం దీనికి మంచి ఉదాహరణ. ఉత్తర ఆఫ్రికాలో 354లో పుట్టి, వక్తృత్వ బోధకునిగా కార్తేజ్, రోమ్ మీదుగా మిలాన్ చేరి, అక్కడ గౌరవప్రదమైన పదవి పొందినా ఆయన మనసు కుదుటపడలేదు. 386లో క్రీస్తువైపు తిరిగి, మరుసటి ఏడాది బాప్తిస్మం తీసుకున్నాడు. లోపం వస్తువులలో లేదని, మన ప్రేమల వరుస తప్పడంలో, అంటే దేవునికి ఇవ్వవలసిన మొదటి స్థానాన్ని వాటికి ఇవ్వడంలో ఉందని ఆయన తరువాత బోధించాడు.

ఈ బోధను విరక్తిగానో సన్యాసంగానో అర్థం చేసుకోవడం చాలామంది చేసే పొరపాటు, బహుశా మనకు ఆ భావాలు బాగా పరిచయం కావడం వల్ల. బైబిలులోని యోహాను మొదటి పత్రికలో శరీరాశ, నేత్రాశ, జీవపుడంబము (జీవితాన్ని చూసుకుని గర్వించడం) లోకసంబంధమైనవి అన్న చోట ‘లోకము’ అంటే దేవునికి ఎదురు నిలిచే జీవనవిధానమే తప్ప కుటుంబం, ఉద్యోగం, భోజనం కాదు. వివాహాన్ని, కొన్ని ఆహారాలను నిషేధించే బోధను తిమోతికి రాసిన మొదటి పత్రిక సూటిగానే ఖండిస్తుంది; దేవుడు ఇచ్చినదానిని కృతజ్ఞతతో అనుభవించవచ్చని అదే చోట చెబుతుంది.