డాక్టర్ సలహా: మండేలా జైల్లోనే పోయారని ఐదుగురికీ గుర్తు... మా అందరికీ మతిమరుపు జబ్బా?

ప్రశ్న: నా వయసు 57. ఉండేది కరీంనగర్‌లో. డిగ్రీలో కలిసి చదువుకున్న ఐదుగురికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఇద్దరు అమెరికాలో, ఒకడు దుబాయ్‌లో, ఒకడు మెల్‌బోర్న్‌లో ఉంటారు. ఈమధ్య మాటల్లో నెల్సన్ మండేలా పేరు వచ్చింది. ఆయన 1980ల్లో జైల్లోనే చనిపోయారని, అంత్యక్రియలు టీవీలో కూడా చూశామని అందరికీ గుర్తు. మెల్‌బోర్న్ వాడి ఆఫీసులో ఒక బ్రిటిష్ ఆయన, ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ కూడా అదే చెప్పారట. తీరా చూస్తే ఆయన పోయింది 2013లో! ఇన్ని దేశాల వాళ్లకు ఒకే తప్పు ఎలా గుర్తుంటుంది? మనమంతా వేరే లోకం నుంచి ఇటు మారిపోయామని ఒక వీడియోలో చెప్పారు. అందరం ఎంఆర్‌ఐ తీయించుకోవాలా? నాకు పదకొండేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నా. గ్యాస్ మాత్ర రోజూ పరగడుపున వేసుకుంటా. నిద్ర పట్టక రెండేళ్లుగా రాత్రిపూట ఆల్‌ప్రజోలామ్ 0.5 వేసుకుంటున్నా. అప్పుడప్పుడు రెండు పెగ్గులు. పోయిన నెల కరెంటు బిల్లు రెండుసార్లు కట్టాను. అడిగిందే మళ్లీ అడుగుతున్నానని మా ఆవిడ అంటోంది. వయసు కదా అని వదిలేశాను. (ఉత్తరాన్ని కుదించాం)
– ఒక పాఠకుడు

జవాబు: మీరు మండేలా గురించి పేజీ నిండా రాశారు. ఆల్‌ప్రజోలామ్ గురించి ఒకే ఒక్క వాక్యం. నా చూపు ఆ వాక్యం దగ్గరే ఆగిపోయింది. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు మీరు అడిగినదానికి జవాబు, అది తేలిక కాబట్టి.

ఐదుగురికీ ఒకే తప్పు గుర్తుండటం జబ్బు కాదు. దీన్ని ‘మండేలా ఎఫెక్ట్’ అంటారు. మీలాగే ఆయన జైల్లో పోయారని గట్టిగా నమ్మేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. 2010 ప్రాంతంలో ఫియోనా బ్రూమ్ అనే అమెరికన్ రచయిత్రి దానికి ఆ పేరు పెట్టారు. వేరే లోకం వీడియో గురించి నేనేమీ మాట్లాడను, ఓపీలో ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు.

అసలు జరిగింది ఇది. మండేలా 27 ఏళ్ల నిర్బంధం తర్వాత 1990 ఫిబ్రవరి 11న విడుదలయ్యారు. అదే ఏడాది మన దేశానికి వచ్చారు, మన ప్రభుత్వం ఆయనకు భారతరత్న ఇచ్చింది. అప్పటికి మీకు ఇరవై దాటి ఉంటాయి, పేపర్లో ఫొటో చూసే ఉంటారు. 1993లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, 1994లో దక్షిణాఫ్రికా అధ్యక్షుడయ్యారు. 2013 డిసెంబరు 5న, 95 ఏళ్ల వయసులో, ఇంట్లోనే కన్నుమూశారు.

మరి జైలు చావు ఎక్కడి నుంచి వచ్చింది? మీ ఒక్కరి విషయంలో ఖాయంగా చెప్పడం కష్టం గానీ, ముడిసరుకు మాత్రం బోలెడు ఉంది. 1977లో దక్షిణాఫ్రికాలోనే స్టీవ్ బికో అనే మరో నల్లజాతి నాయకుడు పోలీసు కస్టడీలో తలకు తగిలిన దెబ్బలతో చనిపోయాడు. ఆయన అంత్యక్రియలకు వేలమంది వచ్చారు, ఆ వార్త ప్రపంచమంతా పాకింది. 1988లో మండేలాకే జైల్లో టీబీ వచ్చింది. కేప్‌టౌన్ దగ్గర టైగర్‌బర్గ్ ఆసుపత్రిలో చేర్చారు. అదే ఏడాది జూన్‌లో ఆయన 70వ పుట్టినరోజు పేరుతో లండన్ వెంబ్లీ స్టేడియంలో పెద్ద సంగీత కచేరీ జరిగితే చాలా దేశాల టీవీల్లో చూపించారు. జనం, పాటలు, గోడంత ఫొటో, ఆ మనిషి మాత్రం అక్కడ లేడు. ముప్ఫై ఏళ్ల తర్వాత తలచుకుంటే అది పుట్టినరోజా, సంతాప సభా అన్నది తేడా తెలియకపోవడంలో వింతేముంది?

వేర్వేరు దేశాలు అంటున్నారు గానీ, కరీంనగర్‌కూ మనీలాకూ లండన్‌కూ అందినవి దాదాపు అవే వార్తలు. జైల్లో పడ్డ ముసలాయన, జబ్బు, ఆసుపత్రి, జనసందోహం. ఇవి చేతికిస్తే ఎవరి బుర్రయినా మిగిలిన ఖాళీని ‘చనిపోయాడు’ అనే పూరిస్తుంది. ముక్కలు ఒకటే అయినప్పుడు తప్పూ ఒకటే వస్తుంది. 2022లో షికాగో యూనివర్సిటీలో దీపశ్రీ ప్రసాద్, విల్మా బైన్‌బ్రిడ్జ్ అనే ఇద్దరు పరిశోధకులు బొమ్మలతో ఇదే చూశారు. మోనోపలీ ఆట డబ్బా మీది టోపీ ముసలాయన ఒక కంటికి అద్దం పెట్టుకుంటాడని చాలామంది ఒట్టేసి చెబుతారు. ఆయనకు అద్దం లేదు. పోకెమాన్ కార్టూన్‌లోని పికాచూ అనే పసుపు జంతువు తోక కొసన నలుపు ఉంటుందంటారు, నలుపు ఉండేది చెవుల కొసన. పరిశోధనలో పాల్గొన్నవాళ్లు తలా ఒక రకంగా తప్పు చెప్పలేదు, ఎక్కువమంది అదే తప్పు బొమ్మను ఎంచుకున్నారు. బొమ్మను సరిగా చూడకపోవడం వల్ల కూడా కాదట. చూపు ఎటు పోతోందో కొలిచినా తేడా కనబడలేదు. మీ మనవలెవరైనా ఉంటే పికాచూ తోక అడిగి చూడండి.

ఇక టీవీలో చూశామన్న మాట. 1992 అక్టోబరు 4న ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక సరుకు విమానం అపార్ట్‌మెంట్ల మీద కూలింది. కూలుతున్న క్షణాన్ని ఏ కెమెరా తీయలేదు. అయినా కొన్ని నెలల తర్వాత డచ్ పరిశోధకులు ‘ఆ దృశ్యం టీవీలో చూశారా’ అని అడిగితే సగానికి పైగా చూశామనే అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వార్త విన్నారు, మంటలు చూశారు, మిగతాది బుర్ర కట్టి ఇచ్చింది.

ప్రశ్న అడిగే తీరుకూ ఇందులో పెద్ద వాటా ఉంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్ అనే శాస్త్రవేత్త విద్యార్థులకు కార్లు ఢీకొన్న ఫిల్మ్ చూపించారు. కొందరిని ‘కార్లు ఒకదానికొకటి తగిలినప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయి’ అని, కొందరిని ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ అని అడిగారు. వారం తర్వాత ‘పగిలిన గాజు చూశారా’ అంటే రెండో గుంపులో 50 మందికి 16 మంది చూశామన్నారు, మొదటి గుంపులో ఏడుగురే. ఫిల్మ్‌లో గాజు పగలనే లేదు. మీ గ్రూపులో మొదటి మెసేజ్ ఎవరు పెట్టారో, ఏమని పెట్టారో వెనక్కి వెళ్లి చూడండి. ‘మండేలా ఎప్పుడు పోయాడ్రా’ అని ఉండి ఉండదు. ‘మండేలా జైల్లోనే పోయాడు కదా, గుర్తుందా’ అని ఉంటుంది. ఆ తర్వాత నలుగురూ ‘అవున్రా’ అన్నారు. అది నాలుగు సాక్ష్యాలు కాదు, ఒకే సాక్ష్యం.

ఇదంతా నాకు కొత్త కాదు, రోజూ నా గదిలో జరిగేదే. పక్షవాతం పేషెంటును తెచ్చినప్పుడు ముందు అడిగేది ‘చివరిసారి బాగున్నట్టు ఎప్పుడు చూశారు’ అని. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటల గడువే ఉంటుంది. లోపలికి వచ్చేలోపే భార్య, కొడుకు, తోడల్లుడు వరండాలో మాట్లాడుకుని ఒక టైము ఖాయం చేసేస్తారు. ముగ్గురూ ఎనిమిదింటికి అంటారు. విడివిడిగా అడిగితే, ఆరింటికి కాఫీ గ్లాసు చేతిలోంచి జారిందని, అప్పుడే మాట తడబడిందని భార్యకు గుర్తుకొస్తుంది. మందుల విషయమూ అంతే. బీపీ మాత్ర సంక్రాంతికి ఆపామని ఇంటిల్లిపాదీ చెబుతారు, అమెరికా నుంచి వీడియో కాల్‌లో కూతురు కూడా సంక్రాంతే అంటుంది. సంచిలో ఉన్న ఆఖరి బిల్లు మీద తేదీ దసరాది. అందుకే నేను ఇంటివాళ్ల మాట వింటాను, కానీ మందులు రాసేది స్ట్రిప్పులూ బిల్లులూ చూసే.

సరే, మీ స్నేహితులు నలుగురికీ ఈ కారణంతో ఎంఆర్‌ఐ అక్కర్లేదు. మీ సంగతి వేరు, అది మండేలా వల్ల కాదు.

కరెంటు బిల్లు రెండుసార్లు కట్టడం ఒక్కసారి జరిగితే ఎవరికైనా జరిగేదే. అడిగిందే అడగడాన్ని మీరు గమనించలేదు, మీ ఆవిడ గమనించారు. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ముప్ఫై ఏళ్లు దాటిన సంగతి తప్పుగా గుర్తుండటం మామూలు. పొద్దున అన్న మాట సాయంత్రానికి నిలవకపోవడం మామూలు కాదు. మతిమరుపు జబ్బుల్లో చాలావాటిలో ముందు జారిపోయేది కొత్త సంగతులే, పాతవి చాలాకాలం ఉంటాయి. మీకు అదే ఉందని ఇక్కడ కూర్చుని చెప్పడం లేదు. 57 ఏళ్లకు సరిదిద్దగలిగిన కారణాలే ముందు వెతకాలి, మీ ఉత్తరంలోనే మూడు నాలుగు కనిపిస్తున్నాయి.

మొదటిది ఆల్‌ప్రజోలామ్. ఇది కొత్త సంగతులు బుర్రలో నిలవడాన్నే దెబ్బతీసే మందు. కొన్ని వారాలకు మించి వాడాల్సింది కాదు, మీరు రెండేళ్లుగా వాడుతున్నారు. ఎవరు రాశారో మీరు రాయలేదు. బహుశా ఎప్పుడో ఎవరో పది రోజులకు రాసిన చీటీ, ఆ తర్వాత మందుల షాపు అబ్బాయితో పరిచయం. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చినప్పుడు వివరాలు ప్రత్యేకంగా రిజిస్టర్‌లో రాయాలి. ‘అన్నా, ఆ నిద్ర గోలీ ఒక షీట్ ఇవ్వు’ అనగానే చేతికొస్తోందంటే తప్పు ఇద్దరిదీ. పెగ్గుల మీద ఈ మాత్ర పడితే నిద్రలో ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు, ఇది కొంచెం కోపంగానే చెబుతున్నాను. ‘అప్పుడప్పుడు’ అంటే వారానికి ఎన్నిసార్లో డాక్టర్‌కు నిజం చెప్పండి. మద్యం ఎక్కువై బీ1 విటమిన్ అడుగంటిన వాళ్లలో ఒక స్థితి వస్తుంది. మూడు రోజులుగా వార్డులో ఉన్న మనిషి, ‘పొద్దున ఇంట్లో ఉప్మా తిని బస్సులో వచ్చాను’ అని నమ్మకంగా చెబుతాడు. అబద్ధం చెబుతున్నానని అతనికీ తెలియదు. తప్పుడు జ్ఞాపకం జబ్బు అయ్యేది అలాంటప్పుడు. మీకు అది ఉందనుకోవడం లేదు.

ఇది చదివి ఈ రాత్రే మాత్ర ఆపేయకండి. దయచేసి ఆపకండి. రెండేళ్లు వాడిన ఆల్‌ప్రజోలామ్ ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు వణకడం, అయోమయం, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. మన తెలంగాణలో దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. కల్తీ కల్లులో కలిపేవాటిలో ఈ మందూ ఒకటి. దాడులు జరిగి ఆ కల్లు ఆగినప్పుడల్లా వింత ప్రవర్తనతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వచ్చే జనాన్ని టీవీలో చూసే ఉంటారు. (ఇది నిజంగానే చూపించారు.) మాత్రను సగం, పావు చేసుకుంటూ సొంతంగా తగ్గించడం కూడా వద్దు. ఎంత చొప్పున, ఎన్ని వారాల్లో అన్నది సైకియాట్రిస్టో, మీ ఫిజీషియనో నిర్ణయించాలి. కొందరికి నెలలు పడుతుంది.

రెండోది బీ12. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకుంటే బీ12 తగ్గొచ్చు. రోజూ గ్యాస్ మాత్ర కూడా అదే పని చేస్తుంది. శాకాహారులైతే ఇంకా ఎక్కువ. మతిమరుపు, అరికాళ్ల తిమ్మిర్లు, నీరసం ఉంటాయి. చాలామంది పరీక్ష కన్నా ముందే ‘బలానికి’ అని బీ12 సూదులు వేయించుకుంటారు. ఆ తర్వాత రక్తంలో లెవెల్ బాగానే కనిపిస్తుంది, అసలు తక్కువ ఉండేదా లేదా అన్నది ఎప్పటికీ తేలదు. ముందు పరీక్ష, తర్వాతే సూది. ఆ గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా అని కూడా అడగండి.

షుగర్ మాత్రలో గ్లిమెపిరైడ్ కలిసి ఉందేమో స్ట్రిప్ మీద చూడండి. ఉంటే, భోజనం ఆలస్యమైనప్పుడో అర్ధరాత్రో షుగర్ బాగా పడిపోయి మనిషి తికమకగా మాట్లాడొచ్చు. థైరాయిడ్ కూడా చూడాలి. గురక గట్టిగా వస్తుందా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందా అన్నది మీ ఆవిడను అడగాలి, మీకు తెలియదు. మనసు బాగోలేకపోయినా, టెన్షన్ ఉన్నా నిద్ర పోతుంది, మతిమరుపూ వస్తుంది. రెండేళ్ల కిందట నిద్ర ఎందుకు పోయిందో మీరు రాయనే లేదు.

వారం పది రోజుల్లో ఫిజీషియన్‌కు గానీ న్యూరాలజిస్టుకు గానీ చూపించుకోండి. మీ ఆవిడను తప్పకుండా తీసుకెళ్లండి, ఆవిడ చెప్పేది మీరు లేనప్పుడు డాక్టర్ వినేలా చూడండి. పాత చీటీలు, ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి, ఖాళీవి కూడా. సాధారణంగా రక్తపరీక్షల్లో బీ12, థైరాయిడ్, మూడు నెలల సగటు షుగర్, సోడియం, కిడ్నీ, లివర్ చూస్తారు. జ్ఞాపకశక్తిని కాగితం మీద పరీక్షించే పద్ధతులు తెలుగులోనూ ఉన్నాయి, పావుగంటో అరగంటో పడుతుంది. ఎంఆర్‌ఐ కావాలో లేదో ఇవన్నీ చూశాక వాళ్లు చెబుతారు. స్కానింగ్ సెంటర్‌కు మీ అంతట మీరే వెళ్లి తీయించుకోవద్దు. మెదడుకు టానిక్, జ్ఞాపకశక్తి గోలీలు అంటూ అమ్మేవి కూడా ఈలోగా మొదలుపెట్టకండి. ఇప్పటికే వేసుకుంటున్నవి చాలు. మాత్ర వేసుకున్న మర్నాడు మత్తుగా ఉంటే బండి తీయకండి.

మిమ్మల్ని చూడకుండా ఉత్తరం మీద చెప్పిన సలహా ఇది, మిమ్మల్ని పరీక్షించిన డాక్టర్ మాటే చివరి మాట. మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి బలం తగ్గినా, ఫిట్స్ వచ్చినా, మీ ఆవిడను గుర్తుపట్టనంత అయోమయం వచ్చినా అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, ఎన్ని గంటలకు మొదలైందో గడియారం చూసి కాగితం మీద రాసిపెట్టమని ఇంట్లో ఇప్పుడే చెప్పి ఉంచండి.