ఇంట్లో కట్టిన కారుకి నంబర్ ప్లేట్ వస్తుందా? ఆ పని మీద ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది విజయవాడ. బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. ఆటోనగర్‌లో పాత మారుతి 800 ఇంజిన్, గేర్‌బాక్స్ కొని, పైపులతో ఫ్రేమ్ వెల్డింగ్ చేసుకుని రెండు సీట్ల కారు కట్టాను. నడుస్తోంది. ఆర్టీవో ఆఫీసులో రిజిస్ట్రేషన్ కుదరదన్నారు. ఒక ఏజెంటు మాత్రం పాత 800 ఆర్‌సీ మీద నడిపించేద్దాం, పొల్యూషన్ సర్టిఫికెట్ నేను చూసుకుంటా అంటున్నాడు. రెండు సబ్జెక్టులు ఉండిపోయాయని నాన్నకి కోపం, పాత ఇనుము కొట్టుకి వేసెయ్ అంటున్నారు. రిజిస్ట్రేషన్‌కి దారి ఉందా? ఈ లైన్‌లో కెరీర్ ఉందా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ఏజెంటుకి వద్దని చెప్పెయ్, ఇవాళే. ఆర్‌సీ ఇచ్చేది ఇంజిన్‌కి కాదు, ఆ ఛాసిస్ నంబరున్న మొత్తం బండికి. ఆ నంబరు కోసి తెచ్చి నీ ఫ్రేమ్‌కి అతికించినా, కొత్తగా పంచ్ కొట్టించినా అది ఫోర్జరీ. రేపు రోడ్డు మీద ఎవరికైనా తగిలిందనుకో, ఇన్సూరెన్స్ వాళ్లు ఆ నంబరు చూసి తప్పుకుంటారు, పరిహారం మీ నాన్న నెత్తిన పడుతుంది. కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండి మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం చెల్లదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. నీది మార్పు కూడా కాదు, పూర్తిగా వేరే బండి.

ఆర్టీవో ఆఫీసు వాళ్లు చెప్పింది నిజమే. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 126వ రూల్ ప్రకారం, బండి తయారుచేసేవాళ్లు దాని నమూనాని పుణెలోని ఏఆర్ఏఐకో, మానేసర్‌లోని ఐక్యాట్‌కో, అలాంటి మరో టెస్టింగ్ ఏజెన్సీకో ఇచ్చి టైప్ అప్రూవల్, అంటే ఆ మోడల్ నిబంధనలన్నీ దాటిందన్న ఆమోదం తెచ్చుకోవాలి. అది ఉంటేనే బండి రోడ్డుకి పనికొస్తుందని తయారీదారు ఇచ్చే ఫారం 22, ఆ ఫారం 22 ఉంటేనే రిజిస్ట్రేషన్. సరదాగా ఒక్క కారు కట్టుకున్నవాళ్ల కోసం వేరే కేటగిరీ లేదు. పైగా కారుకి ముందు నుంచి, పక్క నుంచి గుద్ది చూసే క్రాష్ టెస్టులు ఉంటాయి, నీకున్నదేమో ఒక్కటే కారు.

బ్రిటన్‌లో అయితే ఐవీఏ అని ఒక్కో బండినీ విడిగా పరీక్షించే పద్ధతి ఉంది, కిట్ కార్లు కట్టుకునేవాళ్లు దాని ద్వారానే నంబరు తెచ్చుకుంటారు. అక్కడ పొగ పరిమితి ఇంజిన్ వయసును బట్టి ఉంటుంది, ఆ వయసుకి కాగితాలు చూపించాలి. ఎమ్మెస్సీకి అటు వెళ్లే ఆలోచన ఉంటే గుర్తుపెట్టుకో, అంతే. నీ బండికి అది పనికిరాదు.

ఇప్పుడు నువ్వు బాగా అర్థం చేసుకోవాల్సింది పొగ విషయం, ఎందుకంటే నీ ఉద్యోగం అక్కడే ఉంది. ఏజెంటు చెప్పే పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్ష వేరు, కొత్త కార్ల పొగకి పెట్టిన బీఎస్-6 ప్రమాణం పరీక్ష వేరు. ఆ సర్టిఫికెట్ ఇచ్చే పీయూసీ సెంటర్లో వేడెక్కిన ఇంజిన్‌ని నిలబెట్టి, సైలెన్సర్‌లో గొట్టం పెట్టి కార్బన్ మోనాక్సైడ్ ఎంత శాతం, హైడ్రోకార్బన్లు (కాలని పెట్రోల్) ఎన్ని పీపీఎం, అంటే పది లక్షల్లో ఎన్ని వంతులు అని చూస్తారు. టైప్ అప్రూవల్‌లో కారుని గంటల తరబడి చల్లారబెట్టి, డైనమోమీటర్ రోలర్ల మీదకి ఎక్కించి, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన క్షణం నుంచీ పొగని సేకరించి కిలోమీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో లెక్క కడతారు. పెట్రోల్ కారుకి కార్బన్ మోనాక్సైడ్ 1000, హైడ్రోకార్బన్లు 100, నైట్రోజన్ ఆక్సైడ్లు 60 మిల్లీగ్రాములు దాటకూడదు. 2020 ఏప్రిల్ నుంచి ఇదే లెక్క, 2023 ఏప్రిల్ నుంచి నిజమైన రోడ్డు మీద నడిపి కొలిచే పరీక్ష కూడా కలిసింది.

నీ పాత 800 ఇంజిన్ కార్బురేటర్‌తో (గాలిలో పెట్రోల్ కలిపే పాతకాలం భాగం) నడిచేదైతే ఎక్కడ దొరికిపోతుందో చూడు. పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేసినప్పుడు పెట్రోల్ సగం ఆవిరి కాదు, అందుకే ఎక్కువ పోస్తావు, కాలనిది అలాగే బయటికి వచ్చేస్తుంది. సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ బిగించినా అది సుమారు 250, 300 డిగ్రీలకి చేరేదాకా పని చెయ్యదు. చేరాక కూడా గాలి-పెట్రోల్ నిష్పత్తి 14.7 దగ్గర పట్టుగా నిలిస్తేనే మూడు వాయువుల్నీ ఒకేసారి శుభ్రం చేస్తుంది, కాస్త పెట్రోల్ ఎక్కువైతే మోనాక్సైడ్ మిగులుతుంది, కాస్త గాలి ఎక్కువైతే నైట్రోజన్ ఆక్సైడ్లు మిగులుతాయి. ఆక్సిజన్ సెన్సర్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) లేకుండా ఆ నిష్పత్తిని క్షణక్షణం పట్టి ఉంచడం కార్బురేటర్ వల్ల కాదు.

దీన్నే పనిగా చేసేవాళ్లని క్యాలిబ్రేషన్ ఇంజినీర్లు అంటారు, పరీక్షలన్నీ దాటించి అప్రూవల్ తెచ్చేవాళ్లు హోమోలొగేషన్ ఇంజినీర్లు. మన కాలేజీల్లో ఈ పేర్లు చెప్పేవాళ్లే తక్కువ, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే ప్రతి వాహన కంపెనీకీ, ప్రతి టెస్టింగ్ ఏజెన్సీకీ వీళ్లు కావాలి. హైదరాబాద్‌లోనే హ్యుందాయ్ ఇంజినీరింగ్ సెంటర్ ఉంది, జెడ్ఎఫ్ టెక్ సెంటర్ ఉంది. క్యాలిబ్రేషన్ పని బెంగళూరు, పుణె, చెన్నైలలో ఎక్కువ. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన నీ ఫ్రెండ్ కంటే తక్కువే ఉండొచ్చు, మీ ఇంట్లో ఆ మాట ముందే చెప్పు. ఎలక్ట్రిక్ వచ్చేస్తోంది కదా, పొగ పోతే ఉద్యోగం పోతుందా అని టెన్షన్ పడకు. హోమోలొగేషన్ పోదు, బ్యాటరీలకి ఏఐఎస్ (మన వాహన ప్రమాణాలు) వరసలో 038, 156 అని విడిగా పరీక్షలున్నాయి, స్కూటర్లు తగలబడ్డాక 2022లో వాటిని ఇంకా కఠినం చేశారు.

కాబట్టి కారు అమ్మొద్దు, రోడ్డెక్కించనూ వద్దు. స్టాండ్ల మీద నిలబెట్టి, ఆరుబయటే (మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపితే మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది) గాలి-పెట్రోల్ నిష్పత్తి చూపించే ఒక వైడ్‌బ్యాండ్ లాంబ్డా సెన్సర్, ఎగ్జాస్ట్‌లో వేడి కొలిచే ఒక థర్మోకపుల్ పెట్టి కోల్డ్ స్టార్ట్ నుంచి డేటా తీసుకో. తర్వాత కార్బురేటర్ తీసేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టు, స్పీడుయినో లాంటి ఓపెన్‌సోర్స్ ఈసీయూతో ట్యూన్ చేసి మళ్లీ కొలువు. మీ ఐసీ ఇంజిన్స్ ల్యాబ్‌లో పొగలో ఐదు వాయువుల్ని కొలిచే ఫైవ్ గ్యాస్ అనలైజర్ ఉందేమో సార్‌ని అడుగు, ఉంటే ఇదే నీ ఫైనలియర్ ప్రాజెక్టు. ఏఐఎస్ ప్రమాణాలు ఏఆర్ఏఐ సైట్‌లో దొరుకుతాయి, నీ కారు ఏ క్లాజులో ఎందుకు ఫెయిలవుతుందో ఒక్కో లైన్ రాసుకుంటూ పో. ఇంటర్వ్యూలో ఆ పట్టిక టేబుల్ మీద పెడితే అడిగేవాడు నీతో అరగంట మాట్లాడతాడు.

ఆ రెండు సబ్జెక్టుల విషయంలో మాత్రం నేను మీ నాన్న పక్షమే. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లని చాలా కంపెనీలు క్యాంపస్‌లో రాత పరీక్షకే రానివ్వవు, గేట్ రాసి ఎంటెక్‌కి వెళ్లాలన్నా ముందు డిగ్రీ చేతికి రావాలి, రవాణా శాఖలో ఏఎంవీఐ (అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్) పోస్టులకి మెకానికల్ డిగ్రీతో అర్హత ఉన్నా అదే మాట. సప్లిమెంటరీ అయ్యేదాకా కారుకి టార్పాలిన్ కప్పెయ్. ఆ మాట నాన్నకి నువ్వే చెప్పు, బదులుగా షెడ్డులో ఆ జాగా ఇంకో ఏడాది ఉంచమని అడుగు.