సమాధానం: ర్యాంప్ వెనక మూడు నిమిషాల్లో రెండో చీర

ముంబై లక్మే ఫ్యాషన్ వీక్‌లో మొదటిసారి డ్రెస్సర్‌గా (ర్యాంప్ వెనక మోడల్స్‌కి బట్టలు మార్చే పని) చేస్తున్నానని, మీ మోడల్‌కి రెండో చీర మార్చడానికి మూడు నిమిషాలే ఉన్నాయని రాశారు. టెన్షన్ పడకండి, కుదిరే పనే.

అంత తక్కువ సమయంలో చీర కట్టడానికి చూడకండి, ముందే కట్టి ఉంచిన చీరను తొడగండి. ఫిట్టింగ్ రోజే కుచ్చిళ్లు పెట్టి, ఇస్త్రీ చేసి, లంగా నడుంపట్టీకి పొడవాటి టాకాలు వేసి, పక్కన హుక్కులు కుట్టండి. పైట మడతలకి భుజం దగ్గర ఒక్క పిన్ను చాలు. కానీ డిజైనర్‌ని అడగకుండా సూది పెట్టొద్దు. మన హైదరాబాద్ డిజైనర్ గౌరాంగ్ షా చేయించే జాందానీ లాంటి నేతకి నెలల తరబడి చేతిపని పడుతుంది, ఒక్క పోగు తెగినా ప్రాణం ఉసూరుమంటుంది. పిన్ను కింద చిన్న గుడ్డముక్క పెట్టండి.

చాలామంది మర్చిపోయేది చెప్పులు. షోలో వేసుకునే హీల్స్‌ తొడిగాకే అంచు ఎత్తు చూసి టాకాలు వేయాలి. లేదంటే అంచు కాలికింద పడుతుంది.

జాకెట్టు ముందు హుక్కులదైతే జుట్టు చెదరదు. తల మీదుగా వేసేదైతే ముఖానికి పల్చటి స్కార్ఫ్ కప్పండి, లిప్‌స్టిక్ అంటదు. నగలు జిప్ కవర్లో పెట్టి హ్యాంగర్‌కే తగిలించండి. విప్పిన చీరను కింద పరిచిన దుప్పటి మీద వదిలేయండి, తర్వాత మడతపెట్టొచ్చు.

ఇంట్లో మీ అక్కకో స్నేహితురాలికో తొడిగి ఫోన్‌లో టైమ్ చూసుకోండి. రెండున్నర నిమిషాలు దాటుతుంటే రెండో డ్రెస్సర్ కావాలని ఇప్పుడే అడగండి.