డోపమైన్ పెరిగితే జ్ఞాపకశక్తి పెరుగుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతోంది. రాత్రి చదివినది తెల్లవారేసరికి గుర్తుండడం లేదని బాధపడుతోంది. జ్ఞాపకశక్తికి డోపమైన్ కావాలనీ, దూలగొండి గింజల పొడి తింటే అది పెరుగుతుందనీ తెలిసినవారు చెప్పారు. ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీరు విన్న రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది కానీ, వాటిని కలిపి పొడి ఇవ్వాలనుకోవడం సరికాదు. దయచేసి ఇవ్వకండి. డోపమైన్ అంటే మెదడులో నాడీకణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపడానికి వాడే ఒక రసాయనం. కారణం కాస్త వివరంగా చెబుతాను.

కణతల లోపలి వైపున, మెదడుకు రెండు పక్కలా హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం ఉంటుంది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గించడానికి ఆ భాగాన్ని చాలావరకు తొలగించగా, ఆ తరువాత జరిగిన సంగతులేవీ ఆయన మనసులో నిలవకుండా పోయాయి. కొత్త అనుభవాలు జ్ఞాపకాలుగా మారడానికి హిప్పోక్యాంపస్ ఎంత అవసరమో వైద్యలోకానికి తెలిసింది ఆయన వల్లనే. మనం ఒక విషయం నేర్చుకున్నప్పుడు అక్కడి నాడీకణాల మధ్య ఉండే సంధులు బలపడతాయి. అయితే ఆ బలం మొదట తాత్కాలికమే. కొన్ని గంటల్లో సడలిపోగలదు. అది రోజుల తరబడి నిలవాలంటే కణం కొత్త ప్రొటీన్లను తయారుచేసుకోవాలి. డోపమైన్ హిప్పోక్యాంపస్‌లోని కణాల మీద దాని సంకేతాన్ని అందుకునే డి-1, డి-5 అనే గ్రాహకాలను తాకినప్పుడు ఆ తయారీకి ప్రోత్సాహం అందుతుంది. అంటే జ్ఞాపకంలోని విషయాన్ని డోపమైన్ రాయదు; అప్పటికే పడిన ముద్ర చెరిగిపోకుండా కాపాడుతుంది.

మరి అది ఎప్పుడు విడుదలవుతుంది? మన మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో డోపమైన్ తయారుచేసేవి కొన్ని లక్షలే. ఊహించని మేలు జరిగినప్పుడు, కొత్తదనం ఎదురైనప్పుడు అవి చురుకవుతాయి. 2016లో ఎలుకలపై జరిగిన ఒక పరిశోధన నాకు ఎంతో ఇష్టం. ఆహారం దాచిన చోటును ఎలుకలకు నేర్పి, అరగంట తరువాత వాటిని కొత్త రకం నేల పరచిన పెట్టెలో కాసేపు తిరగనిస్తే, అవి ఆ చోటును మరునాడు కూడా గుర్తుపెట్టుకున్నాయి. హిప్పోక్యాంపస్‌లో డోపమైన్ గ్రాహకాలను మందుతో అడ్డుకున్నప్పుడు ఆ మేలు కనిపించలేదు. పైగా ఈ డోపమైన్ ప్రధానంగా వచ్చింది అందరూ అనుకున్న మధ్య మెదడు నుంచి కాదు, మెదడు కాండంలోని లోకస్ సెరూలియస్ అనే చిన్న కణాల గుంపు నుంచి! అర్జెంటీనాలో ప్రాథమిక పాఠశాల పిల్లలకు కథ వినిపించి, దానికి గంట ముందో గంట తరువాతో ఎన్నడూ చూడని రకం సైన్సు పాఠం చెప్పినప్పుడు, ఆ కథ వారికి మరునాడు ఎక్కువగా గుర్తుంది. నాలుగు గంటల తేడా ఉన్నప్పుడు ఆ ఫలితం రాలేదు. పిల్లల మెదడులో డోపమైన్‌ను ఎవరూ కొలవలేదు గానీ, ఎలుకల్లో కనిపించిన దానితో ఇది చక్కగా సరిపోతుంది.

కాబట్టి డోపమైన్ ఎంత ఉందన్నదాని కంటే ఏ చోట, ఏ క్షణాన విడుదలైందన్నది ముఖ్యం. పొడికి ఆ వివేచన ఉండదు. దూలగొండి గింజల్లో ఎల్-డోపా అనే పదార్థం ఉన్నమాట నిజమే. మన దేశపు శాస్త్రజ్ఞులే 1937లో దానిని వేరుచేసి చూపారు. అది మెదడులోకి చేరి డోపమైన్‌గా మారుతుంది, కానీ అవసరమున్నా లేకున్నా అన్ని చోట్లా మారుతుంది. లెక్కలు చేసేటప్పుడు అంకెలను మనసులో నిలుపుకోవడానికి తోడ్పడే నుదుటి వెనుక భాగంలో డోపమైన్ తక్కువైనా, ఎక్కువైనా పని చెడుతుంది. వికారం, రక్తపోటు పడిపోవడం, లేనివి కనిపించడం వంటి ఇబ్బందులు సరేసరి.

మీ అమ్మాయి నిద్రపోయే వేళ ఎంతో మీరు రాయలేదు. జ్ఞాపకాలు స్థిరపడే పని చాలావరకు నిద్రలోనే సాగుతుంది కనుక ముందు దానిని సరిచూడండి. పాఠం తెరవడానికి ముందే దాని మీద రెండు మూడు ప్రశ్నలు రాసుకోమనండి. జవాబు తెలుసుకోవాలన్న కుతూహలం ఉన్నప్పుడు మధ్య మెదడూ హిప్పోక్యాంపస్సూ కలిసి చురుగ్గా పనిచేస్తాయని 2014లో కాలిఫోర్నియా పరిశోధకులు స్కానింగులో చూశారు. చదివాక పుస్తకం మూసి, గుర్తున్నది చూడకుండా రాయమనండి.

ప్రశ్న: మా నాన్నగారు పార్కిన్సన్స్ వ్యాధికి లెవోడోపా వాడుతున్నారు. బిగుతు తగ్గింది గానీ మతిమరుపు తగ్గలేదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: లెవోడోపా అంటే పైన చెప్పిన ఎల్-డోపాయే. ఈ వ్యాధిలో కదలికలను నడిపే భాగాలకు డోపమైన్ ముందుగా కరవవుతుంది కనుక మందు ప్రభావం అక్కడ బాగా తెలుస్తుంది. మతిమరుపులో మాత్రం అసిటైల్‌కోలిన్ వంటి ఇతర రసాయనాల లోపానికీ పాత్ర ఉంటుంది. దానిని లెవోడోపా పూడ్చలేదు. వణుకు కోసం ట్రైహెక్సిఫెనిడిల్ అనే మందు కూడా వాడుతున్నారేమో చీటీలో చూడండి. పెద్ద వయసువారిలో అది మతిమరుపును పెంచవచ్చు. అయితే ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపకండి. ఆ చీటీ తీసుకుని న్యూరాలజిస్టును కలవండి.