కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశాక ఫార్మా ఉద్యోగానికి మళ్లీ ట్రైనింగ్ ఎందుకు?

ట్రైనింగ్ అవసరమే, ఎందుకంటే పీహెచ్‌డీ పరిశోధన చేయడం నేర్పుతుంది గానీ జడ్చర్ల దగ్గర పోలేపల్లిలోనో చౌటుప్పల్‌లోనో ఉన్న ప్లాంట్లలో పని ఎలా నడుస్తుందో నేర్పదు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కోర్సు వర్క్‌కి కనీసం 12 క్రెడిట్లు ఉండాలి, పరిశోధన నైతికత పేపర్ కూడా తప్పనిసరి. మంచిదే, కానీ స్కేల్ అప్ (ల్యాబులో చేసిన రియాక్షన్‌ను ప్లాంట్ స్థాయికి పెంచడం), జీఎంపీ (మందుల తయారీలో పాటించాల్సిన నాణ్యతా పద్ధతులు) రికార్డులు, ప్రాసెస్ సేఫ్టీ (తయారీలో ప్రమాదాలు జరగకుండా చూడడం) అందులో తప్పనిసరి కావు.

ఒక్క ఉదాహరణ చూడండి. యూనివర్సిటీ ల్యాబులో 100 ఎంఎల్ ఫ్లాస్కులో వేడి పుట్టే రియాక్షన్ పెడితే ఐస్ బాత్ సరిపోతుంది, అదే 1000 లీటర్ల రియాక్టర్‌లో అయితే ఘనపరిమాణంతో పోలిస్తే వేడి బయటికి పోయే ఉపరితలం దాదాపు 20 రెట్లు తగ్గిపోతుంది కాబట్టి, ఫ్లాస్కులో పది నిమిషాల్లో పోసిన రీఏజెంట్‌ను (రియాక్షన్ జరిపే రసాయనాన్ని) ఇక్కడ గంటల తరబడి నెమ్మదిగా వదలాల్సి వస్తుంది, లేదంటే రియాక్షన్ చేయి దాటిపోతుంది. రికార్డు రాయడమూ అంతే. అంకె తప్పు పడితే వైట్‌నర్ పూయకూడదు. ఒక్క గీత కొట్టి, సరైనది పక్కన రాసి, సంతకం, తేదీ పెట్టాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఆడిట్‌లో పట్టుబడేది ఇలాంటి చోటే.

చాలామంది స్కిల్ ట్రైనింగ్ అంటే స్పోకెన్ ఇంగ్లిష్, రెజ్యూమె క్లాసులే అనుకుంటారు, లేదా రెండేళ్లు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన) చేస్తే ఇవన్నీ వాటంతటవే వచ్చేస్తాయనుకుంటారు. రావు, పోస్ట్‌డాక్ కూడా చాలావరకు ల్యాబులో గ్రాముల స్థాయి పనే. నల్గొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీలో, పాలమూరు యూనివర్సిటీలో చదువుతున్నవాళ్లు థీసిస్ అయ్యేదాకా ఆగకుండా, గైడ్‌ని ఇప్పుడే అడిగి ఒక నెల ప్లాంట్ పని దగ్గరుండి చూసి రండి.