బొటిక్ పెడతానంటోంది మా అమ్మాయి: షాపు ఎప్పుడు తీసుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. బట్టల డిజైన్లంటే ప్రాణం. 6 నెలలు కుట్టుపని కూడా నేర్చుకుంది. చదువు అవ్వగానే షాపు అద్దెకు తీసుకుని బొటిక్ పెడతానంటోంది. డిజైన్ కోర్సు చేయకుండా దిగొచ్చా? డబ్బు దేనిమీద పెట్టాలి, దేనిమీద పెట్టకూడదు?

జవాబు: దిగొచ్చు. ఈ పనికి డిజైన్ డిగ్రీ తప్పనిసరి కాదు. కానీ షాపు అద్దె కాగితం మీద సంతకం పెట్టేలోపు మీ అమ్మాయికి రెండు పనులు చేతికి రావాలి. ఒకటి ప్యాటర్న్ కటింగ్, అంటే కొలతల ప్రకారం డ్రెస్సు భాగాల నమూనాలు గీసి గుడ్డ కోయడం. రెండోది ఒక్కో డ్రెస్సు తయారవడానికి నిజంగా ఎంత ఖర్చయిందో లెక్కగట్టడం. డిజైన్లు బాగోలేక మూతపడే బొటిక్‌లు తక్కువ. ఫిటింగ్ కుదరక, చెప్పిన రోజుకు ఇవ్వలేక, అమ్ముడుపోని సరుకులో డబ్బు ఇరుక్కుని మూతపడేవే ఎక్కువ.

కటింగ్ మాస్టర్‌ను పెట్టుకుంటే సరిపోతుంది కదా అనుకోకండి. ఆయన మానేసిన రోజు షాపు ఆగిపోతుంది. అంతకంటే ముఖ్యం, తప్పు కటింగ్‌లో జరిగిందా కుట్టులో జరిగిందా అన్నది యజమానికి తెలియకపోతే ఒకే డ్రెస్సు మూడుసార్లు విప్పి కుట్టాల్సి వస్తుంది. మీ అమ్మాయి బాడీ (డ్రెస్సు పైభాగం), స్లీవ్, స్కర్టుల మూల ప్యాటర్న్‌లు సొంతంగా గీసి, చవక కాటన్‌లో కుట్టి, నాలుగైదు రకాల ఒడ్డూపొడుగూ ఉన్నవాళ్లకు వేసి చూడాలి. సాగని నేతగుడ్డలో ఒంటికి పట్టే డ్రెస్సుకు ఛాతీ కొలత మీద 2 నుంచి 4 అంగుళాల వదులు ఉండాలి. సాగే నిట్ గుడ్డకు అంత అక్కర్లేదు. చంక దగ్గర పట్టేస్తోందనగానే చాలామంది చంకను ఇంకా కిందికి కోసేస్తారు. దాంతో చెయ్యి ఎత్తినప్పుడల్లా డ్రెస్సంతా పైకి లేస్తుంది. అసలు లోపం తరచుగా వీపు వెడల్పులోనో స్లీవ్ పైభాగంలోనో ఉంటుంది, చూడాల్సింది అక్కడ. పక్క కుట్ల లోపల రెండువైపులా అంగుళం గుడ్డ వదలడం అలవాటు చేసుకోమనండి. తర్వాత వచ్చే ఆల్టరేషన్లలో చాలాభాగం దాంతోనే తీరిపోతాయి.

గుడ్డ విషయంలో వచ్చే నష్టాలు దాదాపు అన్నీ ముందే ఆపగలిగినవి. కొత్త తాను రాగానే అందులోంచి ఒక ముక్క తీసి, మీద 50 సెంటీమీటర్ల చదరం గీసి, ఉతికి ఆరబెట్టి మళ్లీ కొలవాలి. 48కి వస్తే 4 శాతం ముడుచుకున్నట్టు. 120 సెంటీమీటర్ల డ్రెస్సులో అది దాదాపు 5 సెంటీమీటర్లు, అంటే కస్టమర్ మొదటి ఉతుకు తర్వాత తిరిగొస్తారు. తెల్లగుడ్డ తడిపి రుద్దితే రంగు దిగుతుందో లేదో తెలుస్తుంది. లైనింగ్‌కు కూడా ఈ రెండు పరీక్షలూ చేయాలి. పైగుడ్డ నిలిచి లైనింగ్ ముడుచుకుంటే కింద అంచు ఎత్తిపట్టినట్టు ముడతలు పడుతుంది. ఒకే రంగు పేరుతో వచ్చినా వేర్వేరు లాట్లలో (ఒక్కోసారి రంగు వేసిన సరుకులో) ఛాయ మారుతుంది కాబట్టి గ్రూపు ఆర్డరుకు మొత్తం గుడ్డ ఒకే లాట్‌లో కొనాలి. వెల్వెట్‌లో ముక్కలన్నీ ఒకే దిశలో కోయకపోతే ఒక భాగం ముదురుగా, ఇంకోటి లేతగా కనిపిస్తుంది. క్రాస్‌లో, అంటే నేతకు ఏటవాలుగా కోసిన స్కర్టును ఒక రోజంతా వేలాడదీశాకే కింద అంచు సమం చేయాలి. ఎంబ్రాయిడరీ గుడ్డను లోపలికి లాగుతుంది. అందుకే ముందు గీత గీసి, పని పూర్తయ్యాక కోయడమే మంచిది. కొనేటప్పుడు పన్నా, అంటే గుడ్డ వెడల్పు కూడా చూడాలి. 44 అంగుళాల పన్నాలో 3 మీటర్లు పట్టే డ్రెస్సు 58 పన్నాలో రెండుంపావు మీటర్లకే రావచ్చు, కాబట్టి మీటరు రేటు ఒక్కటే పోల్చి చూస్తే మోసపోతాం.

ఇక లెక్కలు. చాలామంది గుడ్డ, లైనింగ్, జిప్పు, కుట్టుకూలి కలిపి దానిమీద కొంత వేసుకుంటారు. అద్దె, కరెంటు, ఆల్టరేషన్లు, పాడైన గుడ్డ, యజమాని సొంత జీతం ఎక్కడా కనిపించవు. ఇలా చేయమనండి: ఇద్దరు టైలర్లు రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులు పనిచేస్తే 400 గంటలు. ట్రయల్స్, దిద్దుళ్లు, దారం తెగడం, మిషను రిపేర్లు పోను అమ్మగలిగే పని 70 శాతం అనుకుంటే 280 గంటలే. అద్దె, కరెంటు, యజమాని జీతం లాంటి నెలవారీ స్థిర ఖర్చులను ఈ 280తో భాగించి గంటకు ఎంతో తేల్చి, డ్రెస్సుకు పట్టిన గంటలతో గుణించి కలపాలి. 400తో భాగిస్తే ఆ ఖర్చులో 30 శాతం ఏ బిల్లులోనూ పడదు, జేబులోంచి పోతుంది.

డిస్కౌంటు మీద ఇంకా జాగ్రత్త కావాలి. 100 ఖర్చయిన డ్రెస్సును 150కి అమ్మితే లాభం 50. దానిమీద 20 శాతం తగ్గిస్తే ధర 120, లాభం 20. ధరలో ఐదోవంతు తగ్గించినందుకు లాభంలో 60 శాతం పోయింది. తెలిసినవాళ్లకు మొహమాటంతో ఇచ్చే తగ్గింపు సరిగ్గా ఇదే.

ఆ 280 గంటలే డెలివరీ తేదీలను కూడా నిర్ణయించాలి. డ్రెస్సుకు 7 గంటలు పడితే నెలకు 40, అంతే. 41వ ఆర్డరుకు వచ్చే నెల తేదీ ఇవ్వాలి. పండుగలు, పెళ్లిళ్ల ముందు ఆర్డర్లు వద్దనడం కష్టమే, కానీ ఒప్పుకుని ఇవ్వలేకపోతే పోయేది ఆ ఒక్క ఆర్డరు కాదు. ప్రతి ఆర్డరుకూ ఒక కాగితం ఉండాలి: కొలతలు, గీసిన బొమ్మ, పిన్ను కొట్టిన గుడ్డముక్క, ట్రయల్ తేదీ, డెలివరీ తేదీ, సగం అడ్వాన్సు, కస్టమర్ సంతకం. ట్రయల్‌కు, డెలివరీకి మధ్య కనీసం 4 రోజులు ఉంచాలి.

రెడీమేడ్ సరుకు మొదట్లోనే పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. ఒక డిజైన్‌లో ఎస్, ఎమ్, ఎల్, ఎక్స్ఎల్ సైజులు 1, 2, 2, 1 చొప్పున పెట్టినా 6 డ్రెస్సులు. 10 డిజైన్లు, రెండేసి రంగులంటే 120. ఎమ్, ఎల్ అయిపోయి, చివరి సైజులు మిగిలి, వాటిలో మీ పెట్టుబడి వేలాడుతుంది. ఏడాది ఆర్డర్లు కుట్టాక ఏ సైజు, ఏ రంగు, ఏ పొడవు ఎక్కువ అడుగుతున్నారో కొలతల పుస్తకమే చెబుతుంది. అప్పుడు రెండు మూడు డిజైన్లతో మొదలుపెట్టొచ్చు. 8 వారాల్లో సగం కూడా కదలకపోతే వెంటనే ధర తగ్గించి ఆ డబ్బును కొత్త గుడ్డలోకి మార్చాలి.

డబ్బు పెట్టాల్సింది మంచి కుట్టు మిషను, ఓవర్‌లాక్ (గుడ్డ అంచులు పీలికలు రాకుండా కుట్టే మిషను), స్టీమ్ ఐరన్, నిలబడి కోయడానికి నడుము ఎత్తు టేబుల్, నిలువెత్తు అద్దం, మంచి వెలుతురు మీద. ఐరన్‌ను చిన్నచూపు చూడొద్దు. ఒక్కో కుట్టు వేశాక అక్కడికక్కడే ఇస్త్రీ చేసిన డ్రెస్సుకూ, చివర్లో ఒకేసారి చేసినదానికీ తేడా అందరికీ కనిపిస్తుంది. పెట్టకూడనివి ఖరీదైన ఇంటీరియర్, అచ్చువేసిన సంచులు, ఎంబ్రాయిడరీ మిషను. చేతిలో ఉన్నదంతా ఖర్చుచేయకుండా 6 నెలల నిర్వహణ ఖర్చు విడిగా ఉంచాలి.

డిగ్రీ తర్వాత ప్యాటర్న్ మేకింగ్, గార్మెంట్ తయారీలో ఒక చిన్న కోర్సు, ఆపైన నడుస్తున్న బొటిక్‌లో ఏడాది ఉద్యోగం నేను సూచించే దారి. ఆ ఏడాదిలో సేల్స్ కౌంటర్ దగ్గర కాదు, కటింగ్ టేబుల్ దగ్గర, ట్రయల్ రూమ్ దగ్గర ఉండాలి. తర్వాత ఇంట్లోనే ఒక గదిలో మొదలుపెట్టి, వరుసగా 4 నెలలు పని సామర్థ్యంలో మూడింట రెండొంతులు ఆర్డర్లతో నిండితే షాపు వెతకండి.

ఇప్పటికి మాత్రం ఒక పని చేయించండి. ముగ్గురు బయటివాళ్లకు, డబ్బు తీసుకుని, మూడు డ్రెస్సులు కుట్టమనండి. పట్టిన గుడ్డ, గంటలు, ట్రయల్‌లో తేలిన తప్పులు, విప్పి కుట్టిన చోట్లు అన్నీ రాయమనండి. మూడో డ్రెస్సుకు ముందుగా వేసిన అంచనాకూ, చివరికైన ఖర్చుకూ తేడా 10 శాతం లోపలే ఉంటే కోర్సులో చేరడానికి ఆమె సిద్ధంగా ఉన్నట్టే.